మెట్టకి వెళ్ళిన పల్లపు సైకిలు

ఇది మామూలు కథ కాదని ముందే చెబుతున్నాను. ఇందులో ఎవరి ముందూ వెన్ను వంచని వీరుడున్నాడు. నిప్పురవ్వల్లోంచి పుట్టిన వాహనం ఉంది. పరాయి దేశం మీద దండయాత్ర ఉంది. కొండలున్నాయి, లోయలున్నాయి, ఒక రాజ్యం చేజారబోయిన ఘట్టం ఉంది. చదివేవారు కాస్త నిటారుగా కూర్చుంటే బాగుంటుంది.

కూర్చున్నారు కదా. ఇప్పుడు నిజం చెబుతాను. వీరుడు వెన్ను వంచకపోవడానికి కారణం శౌర్యం కాదు, జబ్బు. వాహనం ఒక సైకిలు. పరాయి దేశం జంగారెడ్డిగూడెం. మా పెనుగొండలో పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి అందుకోవచ్చు. రాజ్యం మా మావయ్య పామాయిల్ తోట. కొండలూ లోయలూ అన్నది ఒకటే రోడ్డు. నిటారుగా కూర్చున్నవాళ్ళు మళ్ళీ జారగిలబడవచ్చు. నాకు ఆ సౌకర్యం లేదు.

నా జబ్బుకి ఇంగ్లీషులో ఒక పొడుగాటి పేరుంది. రాజమండ్రిలో డాక్టరుగారు మొదటిసారి ఆ పేరు చెప్పినప్పుడు మా అమ్మ అది మందు పేరనుకుని, "తిన్నాక వెయ్యాలాండి, తినకముందాండి?" అని అడిగింది. తెలుగులో చెప్పాలంటే వెన్నుపూసల మధ్య వాపు వస్తుంది, తర్వాత అవి మెల్లగా ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఉమ్మడి కుటుంబం లాంటిది. అందరూ కలిసే ఉంటారు గానీ ఎవరూ కదలడానికి వీల్లేదు.

దీనిలో ఒక విడ్డూరం ఉంది. లోకంలో ఏ నొప్పికైనా పడుకోమంటారు. దీనికి పడుకుంటేనే నొప్పి, లేచి తిరిగితే తగ్గుతుంది. ఈ సంగతి తెలియని రోజుల్లో, నేను డిగ్రీ చదువుతుండగా, మా ఇంట్లోవాళ్ళు నన్ను తెగ పడుకోబెట్టారు. ముందు పరుపు తీసేశారు, తర్వాత చాప తీసేశారు, చివరికి వట్టి నేల మీద నువ్వులనూనె రాసి పడుకోబెట్టారు. పరామర్శకి వచ్చినవాళ్ళు నన్నలా చూసి గడపలోనే గొంతు తగ్గించేసేవారు. "బతికే ఉన్నానండీ, కూర్చోండి" అని నేనే కుర్చీ చూపించాల్సి వచ్చేది.

డాక్టరుగారు జబ్బుకి పేరు పెట్టాక ఇంజెక్షన్లు రాశారు. అవి మా ఫ్రిజ్‌లో దోసెల పిండి పక్కన ఉంటాయి. "కదులుతూ ఉండు. మానేశావా, ఎలా ఉన్నవాడివి అలాగే గట్టిపడిపోతావు" అని కూడా చెప్పారు. పొద్దున్న లేచేసరికి నా ఒళ్ళు నానబెట్టని శనగల్లా ఉంటుంది. పదింటికి గానీ నానదు. అందుకని నావి బ్యాంకు వేళలు.

కదలడానికి నాకు నచ్చిన సాధనం సైకిలు. సైకిలుకే నేను నచ్చలేదు. ఎక్కాలంటే కాలు వెనక్కి విసిరి కడ్డీ దాటించాలి, తుంటి ఒప్పుకోదు. హ్యాండిలు మీదికి వంగాలి, నడుము ఒప్పుకోదు. వెనక లారీ హారను కొడితే తిరిగి చూడాలి. మెడ ఎప్పుడో రాజీనామా చేసింది. బజారులో దొరికే సైకిళ్ళన్నీ వంగేవాళ్ళ కోసం చేసినవి. వంగనివాడికి కావాలంటే వాడే చేసుకోవాలి.

మాది ఇనుప సామాన్ల కొట్టు. వెనక గోడౌనులో మేకుల బస్తాల పక్కన కొంచెం చోటుంది. వంగలేను కాబట్టి అక్కడ నా ఛాతీ ఎత్తుకి ఒక బల్ల వేయించుకున్నాను. నాన్న దాన్ని చూసి, "ఇది బల్లా, అటకా?" అన్నాడు. మా వీధి చివర సైకిల్ షాపు ఆయన్ని ఊరంతా బాబాయి అనే పిలుస్తారు. ఆయన దగ్గర పాత ఫ్రేములు తెచ్చి, కోసి, వెల్డింగుతో నాకు కావలసినట్టు అతకడం మొదలుపెట్టాను. మొదటి సైకిలు మధ్యలో విరిగింది. రెండోది విరగలేదు, కదల్లేదు కూడా. మూడోది కుదిరింది. కాలు ఎత్తకుండా ఎక్కేలా నడిమి కడ్డీని పాదాల దాకా దించేశాను. హ్యాండిలు నా చేతులకి ఎదురొచ్చేలా పైకీ వెనక్కీ లాగాను. సీటు వెనక వీపు ఆనించుకునే చెక్క పెట్టాను. మెడ బదులు రెండు వైపులా రెండు మోటారుసైకిలు అద్దాలు బిగించాను.

దాని మీద మొదటిసారి బజారులోకి వెళ్తుంటే బట్టల కొట్టు ఆయన అరుగు మీదనుంచి అడిగాడు.

"ఏం బాబూ, ఊరేగింపా?"

"అవునండీ. పెళ్ళికూతురు ఇంకా కుదరలేదు."

ఆ తర్వాత ఇంకొన్ని చేశాను. ఒకటి పొడవు, ఒకటి తేలిక, ఒకటి కూరగాయలకి. నేను చేసే సైకిళ్ళు బాగుంటాయి. ఈ మాట వినయంగా చెప్పే పద్ధతి ఉందేమో, నాకు తెలియదు.

ఆ మధ్య మా మావయ్య, అంటే మా అమ్మకి అన్న, కుటుంబంతో పెనుగొండ అమ్మవారి గుడికి వచ్చాడు. జంగారెడ్డిగూడెంలో వాళ్ళకి కిరాణా కొట్టుంది. దాన్ని కొడుక్కి అప్పగించేసి, తను ఊరి బయట పామాయిల్ తోట చూసుకుంటాడు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ మావయ్యది కొంచెం ముందుకి వంగిన వీపు, నేల చూపులు. చుట్టాలందరూ దాన్ని అణకువ అనుకునేవారు.

గుడి మండపంలో ఇద్దరం పక్కపక్కన నిలబడి ప్రసాదం తింటున్నాం. "ఇదిగో, పులిహోర ఇంకాస్త పెట్టనా?" అని వెనకనుంచి అత్తయ్య పిలిచింది. మామూలు మనిషి మెడ తిప్పి చూస్తాడు. నేను అలవాటుగా పాదాలతో సహా తిరిగాను. నా పక్కన మావయ్య కూడా పాదాలతో సహా తిరిగాడు. రెండు బీరువాల్ని ఒకేసారి జరిపినట్టుంది. నా చెయ్యి నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

"మావయ్యా, పొద్దున్న లేవగానే ఎలా ఉంటుంది నీకు?"

"ఎలా ఉంటుందిరా. పొద్దున్నలాగే ఉంటుంది."

"నడుం పట్టేసి ఉంటుందా?"

"పదింటిదాకా. అందరికీ ఉండేదేగా."

"అందరికీ ఉండదు మావయ్యా."

ఆయన దొన్నెలో పులిహోరని చూశాడు. "ఉండదా?" అన్నాడు.

తర్వాత వారం నేనే ఆయన్ని రాజమండ్రిలో మా డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూపించారు. నాది ఇంకా విడివిడిగా పూసల దండలాగే ఉంది. మావయ్యది కణుపులతో సహా ఒకటే వెదురుగడ. అతుక్కున్నవి ఇక విడిపోవనీ, మిగిలిన కీళ్ళనైనా కాపాడుకోవాలంటే రోజూ ఒళ్ళు కదిలించాలనీ డాక్టరుగారు చెప్పారు. మావయ్య అంతా విని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"వయసులో ఉండగా పొగాకు బేలు ఎత్తినప్పుడు పట్టేసిందనుకున్నానండి. అవతలి కొస పట్టుకున్నవాడు సరిగ్గా పట్టుకోలేదని. ఐతే వాడి తప్పేం లేదంటారా?"

"లేదండీ. ఇది కుటుంబాల్లో వచ్చే జబ్బు."

తిరుగు బస్సు గోదావరి వంతెన దాటుతుండగా మావయ్య వేరుశనగల పొట్లం విప్పాడు. అప్పుడు అన్నాడు, "ఆ బేలు విషయంలో వాడితో మాటలు మానేశాన్రా."

"ఇప్పుడు ఫోన్ చెయ్యి."

"పోయాడుగా," అని వేరుశనగల పొట్లం నా వైపు జరిపాడు.

అసలు విషయం ఆ పొట్లం అయ్యేలోగా చెప్పాడు. రోజూ పొద్దున బావ, అంటే ఆయన కొడుకు, మోటారుసైకిలు మీద వెనక కూర్చోబెట్టుకుని తోటలో దింపుతాడు. ప్రతి గతుకూ మావయ్య వెన్నులోకి నేరుగా కబురు పంపుతుంది. నడుద్దామంటే దూరం, ఆ మట్టి రోడ్డు మీద ఆటోలు రావు. బావ బ్యాటరీ స్కూటరు కొనిచ్చాడు. మెడ తిరగక మావయ్య దాన్ని జీడిమామిడి కంచెలోకి తోలాడు. ఆ స్కూటరు మీద ఇప్పుడు అత్తయ్య భజనకి వెళ్తోంది. బావకి పొద్దున్నే కొట్టు తెరవాలి, తండ్రిని దింపాలి, మళ్ళీ తీసుకురావాలి. అందుకని తోట కౌలుకి ఇచ్చేద్దామని నిర్ణయించాడు. మనిషి కూడా దొరికాడు.

"ఇచ్చేసి ఏం చేస్తావు మావయ్యా?"

"కుర్చీలో కూర్చోమంటున్నాడు."

మా జబ్బుకి కుర్చీ అంటే ఏమిటో డాక్టరుగారు అప్పుడే చెప్పి పంపారు. ఆ తోటకి వెళ్ళి రావడమే మావయ్యకి మందు. అది పోతే వెదురుగడకి తోడు తుంటి కూడా బిగుసుకుంటుంది.

"నీకు సైకిలు చేస్తాను," అన్నాను.

"నేను సైకిలెక్కి ఏ కాలమైందిరా."

"నేను చేసేది నువ్వెక్కక్కర్లేదు. కూర్చుంటే చాలు."

కొట్టులో టేపుతో ఆయన్ని చొక్కాకి కొలిచినట్టు కొలిచాను. భుజం నుంచి మణికట్టు, తుంటి నుంచి మడమ. మావయ్య వీపు నాకంటే ముందుకి వంగి ఉంటుంది కాబట్టి కళ్ళు రోడ్డు మీద నిలిచేలా సీటుని కొంచెం వెనక్కి వాల్చాను. నడిమి కడ్డీ జానెడు ఎత్తు కూడా లేకుండా చేశాను. ఇక మిగిలినవి బ్రేకులూ పళ్ళచక్రాలూ. ఇక్కడ మా ప్రాంతం గురించి ఒక మాట చెప్పాలి.

మాది పల్లపు నేల. పీట వేసినట్టు చదునుగా ఉంటుంది. మాకు ఎత్తు అంటే కాలవ మీద వంతెన. అదొస్తే దిగి నడిపించి, దాటాక మళ్ళీ ఎక్కుతాం. సైకిలు ఆగాలంటే తొక్కడం మానేస్తే చాలు, మర్యాదగా అదే ఆగుతుంది. బ్రేకులు మాకు కొత్త ఇంటికి కట్టే దిష్టిబొమ్మ లాంటివి. ఉండాలి కాబట్టి ఉంటాయి. అందుకని వెనక చక్రానికి ఒక్క బ్రేకు పెట్టి సరిపెట్టాను. పెడల్ దగ్గర పళ్ళచక్రం మాత్రం బాగా పెద్దది వేశాను. ఒకసారి తొక్కితే చాలా దూరం పోతుంది, కీళ్ళకి శ్రమ తక్కువ. తణుకు దాకా వెళ్ళి వచ్చాను. మజ్జిగలో కవ్వంలా తిరిగింది.

చిన్నప్పుడు ప్రతి వేసవికీ జంగారెడ్డిగూడెం వెళ్ళినవాణ్ణే. ఎప్పుడూ బస్సులో వెళ్ళాను. ఆ ఎత్తులన్నీ ఎక్కింది బస్సు, నేను కాదు.

సైకిలుని కొట్టు ట్రాలీ బండిలో వేసుకుని నాన్నా నేనూ బయల్దేరాం. తాడేపల్లిగూడెం దాటాక నేల ఎర్రబడింది. బండి మూలగడం మొదలుపెట్టింది.

"లోడు లేదు కదరా, లాగట్లేదేంటి?" అన్నాడు నాన్న.

"డీజిలు బాలేదేమో."

"ఆ బంకులో ఇంకెప్పుడూ కొట్టించకూడదు."

అలా పల్లపువాళ్ళం ఇద్దరం డీజిలుని తిట్టుకుంటూ మెట్ట ఎక్కాం.

మావయ్య ఇల్లు ఊరి చివర మెరక మీద ఉంటుంది. ఇంటి ముందు నుంచి రోడ్డు తూర్పుకి దిగుతుంది. దిగి, వాగు మీద చిన్న కల్వర్టు దాటి, మళ్ళీ అంత ఎత్తూ ఎక్కుతుంది. తోట దాని అవతల. ఈ రోడ్డు నేను చాలాసార్లు చూశాను. ఆ రోజు మొదటిసారి కనబడింది. నాలో ఒక చిన్న అనుమానం లేచి కూర్చుంది.

అప్పటికే అత్తయ్య పళ్ళెంతో వచ్చేసింది. హ్యాండిలుకి బంతిపూల దండ, అద్దాలకి పసుపు బొట్లు, చక్రాల కింద నిమ్మకాయలు. కొత్త బండి మొదట తూర్పుకి కదలాలి, నిమ్మకాయలు తొక్కాలి, మధ్యలో ఆగకూడదు.

"అత్తయ్యా, ఒక్కసారి పడమటికి తిప్పుదామా?" అన్నాను.

"కొత్త బండిరా. తూర్పుకే."

"పోనీ నేను ఒకసారి చూసుకుని..."

"ముహూర్తం దాటిపోతుంది. ఏవండీ, కూర్చోండి."

మావయ్య కూర్చున్నాడు. చాలా బాగా కూర్చున్నాడు. వీపు సీటు చెక్కకి సరిగ్గా ఆనింది, చేతులు హ్యాండిలు మీద వాలాయి, చూపు రోడ్డు మీద నిలిచింది. ఆ క్షణంలో నేను చేసిన పనిలో ఎవరూ తప్పు పట్టలేరు. అత్తయ్య హారతి ఇచ్చింది. నాన్న కొబ్బరికాయ కొట్టాడు. మావయ్య ఒక్క తొక్కు తొక్కాడు. నిమ్మకాయలు చితికిన చప్పుడైంది. ఆ తర్వాత ఆయనకి తొక్కాల్సిన పని పడలేదు.

మాలాంటివాళ్ళం పడకూడదు. అతుక్కున్న వెన్ను దెబ్బ తగిలితే సుద్దముక్కలా విరుగుతుంది. డాక్టరుగారు ఆ మాట మావయ్య ముందు అనలేదు, నన్ను పక్కకి పిలిచి చెప్పారు. కాబట్టి ఆ దిగుడులో బంతిపూల దండ గాలికి లేచిపోతుంటే, బావ "నాన్నా, బ్రేకు" అని అరుస్తూ పరిగెడుతుంటే, వెనక చక్రం మీద ఆ ఒక్క బ్రేకూ కీచుమంటుంటే, నాకు నవ్వు రాలేదు. పరిగెత్తలేను కూడా. నిలబడి చూశాను.

సైకిలు కల్వర్టు దాటింది. అవతల ఎత్తు ఎక్కింది, సగం దాకా. అక్కడ దాని ఊపు అయిపోయింది. మావయ్య తొక్కబోయాడు, అంత పెద్ద పళ్ళచక్రం ఎత్తులో ఎవరి మాటా వినదు. సైకిలు వెనక్కి రావడం మొదలుపెట్టింది. కడ్డీ కిందికి ఉండబట్టి రెండు పాదాలూ నేలకి ఆనాయి. చెప్పులు రాసుకుంటూ, ఎర్రదుమ్ము లేపుకుంటూ, మెల్లగా వెనక్కి జారి కల్వర్టు మీద ఆగాడు. మేమందరం చేరేసరికి అలాగే సీటులో కూర్చుని ఉన్నాడు.

"అద్దాలు బాగా పనిచేస్తున్నాయిరా," అన్నాడు నాతో. "వెనక్కొచ్చేటప్పుడు గేదె కనబడింది."

బావ ఒగరుస్తున్నాడు. మంచివాడు. భయపడినప్పుడు మంచివాళ్ళు కూడా గట్టిగానే మాట్లాడతారు.

"అయిపోయింది కదా మీ సరదా? ఆదివారం ఆ కౌలు ఆయన తోట చూసుకోడానికి వస్తానన్నాడు. కాగితం రాసేస్తాను. ఇంక ఈ మాట ఎత్తొద్దు."

"ఆదివారం కదా," అన్నాను. "అప్పటిదాకా ఆగు బావా."

"ఆగి?"

"సైకిలు బానే ఉంది. రోడ్డే దానికి కొత్త."

"నీకేం తెలుసు, పడితే ఏమవుతుందో?"

"ఇక్కడున్నవాళ్ళందరిలో నాకే తెలుసు బావా."

నాన్న ఎప్పుడూ నా పక్షం మాట్లాడే మనిషి కాదు. దుమ్ము దులుపుకుని, "మావాడి మొదటి సైకిలు విరిగింది. రెండోది కదల్లేదు. ఇది కనీసం రెండు వైపులా వెళ్ళింది. ఒక్క వారం చూద్దాంలే," అన్నాడు. మావయ్య మాత్రం సైకిలు దిగలేదు. అందరం కలిసి ఆయన్ని కూర్చోబెట్టే ఇంటి వైపు ఎత్తు తోసుకెళ్ళాం. ఎదురొచ్చినవాళ్ళు దండ చూసి దారిచ్చారు.

పెనుగొండ వచ్చాక నేరుగా సైకిల్ షాపు బాబాయి దగ్గరికి వెళ్ళాను.

"ఎత్తెక్కే సైకిలు కావాలి బాబాయ్."

"ఎత్తేదయ్యా మనకి?"

"మనకి కాదు."

"గేర్లేసుకో. పిల్లలవి గేర్ల సైకిళ్ళు అటకమీద ఇన్నున్నాయి. కొనిపిస్తారు, ఒక్కడూ గేరు మార్చడు. పళ్ళు అరక్కుండా కొత్త పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయి."

"బ్రేకులు?"

"అవీ అంతే. వాడినవాడేడి?"

అక్కడికి బాగుంది. ఆ తర్వాత ఆ గేర్లు నా ఫ్రేముకి పట్టవని ఆయనా, పడతాయని నేనూ చాలాసేపు వాదించుకున్నాం. చివరికి పట్టలేదు. వెనక ఫోర్కు కోసి వెడల్పు చేశాను, అప్పుడు పట్టాయి. ఇద్దరం గెలిచామని ఇద్దరం అనుకున్నాం. పెడల్ దగ్గర అరచేతంత పళ్ళచక్రం, వెనక పళ్ళెమంతది, ముందూ వెనకా రెండు బ్రేకులు. మెడ వంచి చూసి గేరు మార్చడం మావయ్య వల్ల కాదు కాబట్టి మీట హ్యాండిలు మీద బొటనవేలికి అందేలా పెట్టి, ఎత్తుకి పైకి, దిగుడుకి కిందికి అని రెండే చోట్ల ఆగేలా కట్టేశాను. మిగతా గేర్లు ఎందుకు? మావయ్య పందేలకి వెళ్ళడు.

మధ్యలో ఒకరోజు నా ఒళ్ళు మొరాయించింది. పది దాటినా నానలేదు, పన్నెండు దాటినా నానలేదు. గోడ పట్టుకుని గోడౌనుకి బయల్దేరితే అమ్మ వంటింట్లోంచి అందుకుంది.

"ఎవరికోసంరా ఈ హైరానా? ఒక పూట ఊరుకుంటే ఇనుము ఎక్కడికీ పోదు."

"నీ అన్నయ్య కోసమేనమ్మా."

అమ్మ వేడినీళ్ళ సంచీ తెచ్చి నడుముకి కట్టి, గోడౌనుదాకా నా వెనకే వచ్చి, బల్ల దగ్గర కిందపడిన స్క్రూలన్నీ తనే వంగి ఏరి పెట్టింది. సాయంత్రందాకా అక్కడే మేకుల బస్తా మీద కూర్చుంది. వెల్డింగు వెలుగు చూడొద్దని చెబితే కొంగు కప్పుకుని ఆ కొంగులోంచి చూసింది. కళ్ళు మంటలని రెండు రోజులు నన్నే తిట్టింది.

చేయడం అయింది. పరీక్షించడానికి ఎత్తు కావాలి. మా ప్రాంతంలో ఉన్న పెద్ద ఎత్తు సిద్ధాంతం అనే ఊరి దగ్గర ఏటిగట్టు. గోదావరి పొంగినప్పుడు ఊళ్ళని కాపాడేందుకు పోసిన కట్ట, దాని మీదికి మట్టిబాట ఉంది. సీటు వెనక క్యారియరుకి బియ్యం బస్తా కట్టి, ఎక్కడం, దిగడం, సగంలో ఆగడం, ఆగిన చోటునుంచి మళ్ళీ కదలడం మొదలుపెట్టాను. గట్టు మీద గడ్డి కోస్తున్న ఒకాయన కొడవలి పక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

"ఏవన్నా పోయిందాండి?"

"లేదండీ."

"మరి ఆ బియ్యం ఎవరికండి?"

"మా మావయ్య బదులండి."

ఆయన గడ్డి మోపు ఎత్తుకుని కొంచెం దూరంగా వెళ్ళి కోసుకున్నాడు. సగంలో బ్రేకు వేస్తే బస్తా జారలేదు, సైకిలు ఆగింది. అంతకంటే నాకు కావలసిందేమీ లేదు.

శనివారం సాయంత్రానికి జంగారెడ్డిగూడెం చేరాం. ఈసారి నాన్న డీజిలుని ఏమీ అనలేదు. ఆదివారం పొద్దున్న పదింటిదాకా మావయ్యా నేనూ అరుగు మీద ఎదురెదురుగా కూర్చుని ఒళ్ళు నానడం కోసం ఎదురుచూశాం. అత్తయ్య నిమ్మకాయ తెచ్చింది. ముహూర్తం మాట ఎత్తలేదు. ఇంటి ముందు చదునులో మావయ్య చేత ఎక్కించి, దింపించి, బ్రేకు నొక్కించి, మీట మార్పించి చూశాను. నాకు నమ్మకం కుదిరింది. ఆయనకి నాకంటే ముందే కుదిరింది.

"నేను వెనక బండి మీద వస్తా నాన్నా," అన్నాడు బావ.

"వద్దు," అన్నాడు మావయ్య. "నువ్వొస్తే నిన్ను అద్దంలో చూస్తూ కూర్చోవాలి."

దిగుడులో సైకిలు నడిచే మనిషి వేగంతో దిగింది. కల్వర్టు దగ్గర ఆగింది. మీట మారిన చప్పుడు మాకు వినబడలేదు గానీ, ఎత్తు మొదట్లో ఆయన కాళ్ళు గబగబా తిరగడం కనబడింది. కాళ్ళు ఎంత జోరుగా తిరుగుతున్నాయో సైకిలు అంత నింపాదిగా ఎక్కుతోంది. ఒక మేకల మంద ఆయన్ని దాటుకుని వెళ్ళిపోయింది. సగం దాటాడు. పైకి చేరాడు. చెట్ల వెనక్కి పోయాడు.

తర్వాత మేం చేసిందల్లా కూర్చోవడం. బావ కూర్చోలేదు. మేడ మీదికి వెళ్ళి వచ్చాడు, బండి తాళం తీసి జేబులో వేసుకున్నాడు, మళ్ళీ మేడెక్కాడు.

"కూర్చో బావా."

"నాన్న స్కూటరు మీదనుంచి పడ్డరోజు కూడా ఇలాగే కూర్చున్నాన్రా. ఎవరో ఫోన్ చేసి చెప్పేదాకా కొట్లో బెల్లం తూస్తున్నాను." జేబులో తాళం తడుముకుంటూ, "తోట మీద నాకేం కోపం?" అన్నాడు.

మంచినీళ్ళు ఇచ్చాను.

మధ్యాహ్నం భోజనాల వేళకి సైకిలు గంట వినబడింది. మావయ్య ఇంటి ముందు సైకిలు ఆపి, దిగి, దాన్ని గోడకి ఆనించాడు. చొక్కా తడిసిపోయింది. ముఖం ఎర్రగా ఉంది. బావ తలనుంచి కాళ్ళదాకా చూశాడు, ఎక్కడా మట్టి లేదు.

"ఇంతసేపేంటి నాన్నా?"

"ఆ కౌలు ఆయన తోటకే వచ్చేశాడు. అంతా తిప్పి చూపించా. మంచినీళ్ళిచ్చా. ఇవ్వట్లేదని చెప్పి పంపించేశా."

"నాతో ఒక మాట..."

"ఇప్పుడు చెప్తున్నాగా. అటువైపు వరసల్లో గెలలు ముగ్గిపోయి గింజ రాలిపోతోంది. నువ్వు రోజూ నన్ను గేటు దగ్గర దింపుతున్నావు, నాకు గేటే కనబడుతోంది. రేపు కోయిస్తా. పెందలాడే వెళ్ళాలి." అక్కడ ఆగి, నా వైపు మనిషి మొత్తం తిరిగాడు. "పెందలాడే అంటే పదింటికి."

బావ జేబులోంచి బండి తాళం తీసి మేకుకి తగిలించాడు. అత్తయ్య ఆకులు వేసింది. సైకిలు ఎలా ఉందని ఎవరూ అడగలేదు కాబట్టి నేనే అడిగాను.

"సీటు గట్టిగా ఉంది," అన్నాడు మావయ్య, పప్పు కలుపుకుంటూ.

తోట ఇప్పటికీ మావయ్యే చూసుకుంటున్నాడు. ఇలాంటి సైకిలు ఎవరైనా మెట్టలో వాడదలిస్తే ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. తొలకరి పడగానే మడ్‌గార్డులు విప్పేయాలి, లేకపోతే ఎర్రమట్టి వాటిలో ఇరుక్కుని చక్రం తిరగదు. పదో నంబరు స్పానరు సరిపోతుంది.